బియ్యపు పన్ను

ఆ రోజు నేను అబద్ధమేమీ చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పిన మాటల్లో సగం ఇంటికి తెచ్చాను, మిగతా సగం దారిలోనే మింగేశాను. తప్పు అక్కడే జరిగింది.

నాచారంలో మేం అద్దెకుండే ఇంటి వరండాలో మా అమ్మ ఎల్లిపాయలు ఒలుస్తూ కూర్చుంది. లోపల కిటికీ పక్కన మా ఆవిడ కుట్టుమిషన్ తొక్కుతోంది. అప్పుడామెకు ఆరో నెల. పదేళ్ళకు నిలిచిన రెండో కడుపు. నేను మా అమ్మాయిని ఉప్పల్‌లో పళ్ళ డాక్టరుకు చూపించి అప్పుడే తీసుకొచ్చాను. గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే మా ఆవిడ మిషన్ మీది నుంచే అడిగింది.

"ఏమన్నది డాక్టరు?"

"ఆ పండ్లు ఇగ రావట. లోపల మొలకలే లేవట. కడుపుల ఉన్నప్పుడే గట్లయిందట."

మా అమ్మ చేతిలోని ఎల్లిపాయ చేటలో పడేసింది. "నేను చెప్పలే? రెండేండ్ల సంది నెత్తి నోరు కొట్టుకుంటున్న. నేను జెప్తె ముసల్దాని సోది. ఇప్పుడు డాక్టరే జెప్పింది సూడు, కడుపులనే అయిందని."

మిషన్ చప్పుడు ఆగింది. మా ఆవిడ లేచింది. సూదిలోంచి దారం లాగేసి, కుడుతున్న చీర మడిచి, మిషన్ మీద దుప్పటి కప్పింది. నేను కాళ్ళు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాను. రెండో సగం చెప్పడానికి అది సమయం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ మిషన్ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మాది రేకుల కప్పు, రెండు గదుల ఇల్లు. వెనక వీధి దాటితే ఇండస్ట్రియల్ ఏరియా. గాలి ఎటు వీస్తే ఆ వైపు ఫ్యాక్టరీ వాసన ఇంట్లోకి వచ్చేది. ఒక పూట బిస్కట్ల వాసన, ఒక పూట రంగుల వాసన. నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు వీధంతా బిందెల చప్పుడు. వీటన్నిటి మధ్యలో మా ఆవిడ చీరలకు ఫాల్స్ కుట్టేది, పికో చేసేది, జాకెట్లు కుట్టేది. నేను షిఫ్టు దిగి సందు మలుపు తిరిగేసరికి ఆ మిషన్ వినపడితే ఇల్లు సవ్యంగా ఉందని లెక్క. కత్తెర చేతికి దొరకకపోతే దారాన్ని పళ్ళతో కొరికేది. టిక్కుమని చిన్న చప్పుడయ్యేది. ఆ టిక్కుమనడమే మా ఇంట్లో రెండేళ్ళ పాటు ఆమె నేరమైంది.

మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఒక సాయంత్రం సూర్యగ్రహణం పట్టింది. ఎదురింటివాళ్ళ పెళ్ళి బట్టలు ఇవ్వాల్సి ఉండి, మా ఆవిడ చివరి జాకెట్‌కు హుక్కులు కుట్టి దారం కొరికింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ లోపలికి వచ్చింది. గ్రహణం పూట కడుపుతో ఉన్న మనిషి కత్తి పట్టకూడదు, సూది పట్టకూడదు, దేన్నీ కొరకకూడదు. మా అమ్మ ఆ రోజు కొంచెం కేకలేసి ఊరుకుంది. పిల్ల చక్కగా పుట్టింది. పాలపళ్ళు వచ్చాయి. అందరూ మర్చిపోయారు.

పాలపళ్ళు ఊడడం మొదలైంది. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరాలి. మా ఊళ్ళో గూన పెంకుల మీద పడితే అక్కడే ఉండిపోయేది. ఇక్కడ రేకుల మీది నుంచి జారి మళ్ళీ వాకిట్లో పడేది. మా అమ్మాయి నవ్వుతూ మళ్ళీ విసిరేది. పై వరసలో ముందు రెండు పళ్ళు పెద్దవి వచ్చాయి. వాటికి అటూ ఇటూ రావలసినవి రాలేదు. రెండు ఖాళీలు అలాగే ఉండిపోయాయి. నాలుగో తరగతికి వచ్చేసరికి బళ్ళో కుందేలు అనడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం డబ్బాలో క్యారెట్ ముక్కలుంటే ఇంటికి తిరిగి తెచ్చేది.

అప్పుడు మా అమ్మకు దారం గుర్తొచ్చింది. పెళ్ళిళ్ళలో, బోనాల్లో, ఎవరు పిల్ల నోరు చూసి "అయ్యో" అన్నా, "మా కోడలు గ్రహణం పూట దారం కొరికింది" అని చెప్పేది. చెడ్డతనంతో కాదు. వర్షం ఎందుకు పడిందో చెప్పినట్టు చెప్పేది. ఆ మాట మల్లాపూర్‌లో మా చిన్నమ్మ ఇంటిదాకా, జనగామ పక్కన మా అత్తగారి ఊరిదాకా పోయింది. పక్కనే ఉన్న నేను ఏనాడూ కాదనలేదు. ఇంకా చెప్పుకోవాలంటే, ఏదో గొడవలో ఒకసారి నేనే అన్నాను, "నువ్వు జేసిన పనికే గద పిల్లకు ఈ గతి" అని. మా అమ్మాయి అక్కడే అన్నం తింటోంది. అప్పటినుంచి జడ వేయించుకోవడానికి తల్లి దగ్గరకు వెళ్ళడం మానేసి నాయనమ్మ దగ్గర కూర్చునేది.

ఇక రెండో సగం సంగతి.

డాక్టరమ్మది ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మందుల షాపు పైన చిన్న క్లినిక్. మెట్లు నిటారుగా ఉంటాయని మా ఆవిడను తీసుకెళ్ళలేదు. హబ్సిగూడలో దవడ మొత్తం ఒకే ఫిల్ములో పడేలా ఎక్స్‌రే తీయించుకుని వెళ్ళాం. డాక్టరమ్మ దాన్ని వెలుగు పెట్టెకు తగిలించింది. మా అమ్మాయి బయట గదిలో చేపల తొట్టి చూస్తూ కూర్చుంది.

"పన్ను పైకి రాకముందు లోపల మొలకగా ఉంటుంది. చూడండి, మిగతావన్నీ కనపడుతున్నాయి. ఇక్కడా, ఇక్కడా ఏమీ లేదు. పాప కడుపులో ఉన్నప్పుడే ఈ రెండు మొలకలూ కట్టలేదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"మా వైపు ఎవ్వరికీ లేదు మేడం. మా ఆవిడ గ్రహణం పూట దారం కొరికింది. మా అమ్మ అదే అంటది," అని నవ్వాను. చదువుకున్నవాళ్ళ ముందు ఇలాంటి మాట చెప్పేటప్పుడు మనం నవ్వే ఒక నవ్వు ఉంటుంది. అది.

ఆమె నవ్వలేదు. నా నోటివైపే చూస్తోంది. "మీరొకసారి ఆ కుర్చీలో కూర్చోండి."

నా పై వరసలో ఎడమవైపు ఒక చిన్న పన్ను ఉంది. బియ్యపుగింజలా సన్నగా, మొన తేలి ఉంటుంది. మా ఇంట్లో దాన్ని బియ్యపు పన్ను అంటారు. "బియ్యపు పన్ను ఉన్నోని ఇంట్ల గింజకు కొదువ రాదు" అని మా అమ్మ చిన్నప్పటినుంచి చెప్పేది. ఫ్యాక్టరీలో పని దొరికినప్పుడు ఆ పన్ను చలవే అంది. నేను నమ్మాను. అద్దంలో దాన్ని చూసుకుని మురిసిన రోజులున్నాయి.

డాక్టరమ్మ చిన్న అద్దం లోపల పెట్టి చూసింది. "ఎడమ వైపుది సగమే పెరిగింది. కుడి వైపు అసలు లేదు. పక్క పళ్ళు జరిగి ఖాళీ పూడ్చేశాయి కాబట్టి మీకు తెలియలేదు. మీ పాపకు లేనివి కూడా ఇవే పళ్ళు."

నాకు అర్థం కాలేదన్నట్టు చూసి ఉంటాను. చెయ్యి కడుక్కుని వచ్చి నిదానంగా చెప్పింది. ఏ పన్ను ఎక్కడ మొలకెత్తాలో చెప్పే జన్యువులు తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా వస్తాయట. చాలా కుటుంబాల్లో ఒక్కరి వాటాలో తేడా ఉంటే చాలట. అదే తేడా ఒకరిలో పన్ను లేకుండా చేస్తుంది, ఇంకొకరిలో పన్నును చిన్నది చేసి వదిలేస్తుంది. "రక్తం పరీక్ష చెయ్యకుండా కచ్చితంగా చెప్పలేను. కానీ మీ నోరు చూశాక, పాపకు మీ నుంచే వచ్చిందనుకుంటాను. పుట్టబోయే బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. పెద్దయ్యాక పాపకు పళ్ళు కట్టించుకోవచ్చు, కంగారు లేదు. ముందు ఇంట్లో ఈ మాట చెప్పండి."

చెప్తానన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నప్పుడు నాలుక పదే పదే ఆ పన్ను మీదికి పోయింది. నేను పనిచేసేది ప్లాస్టిక్ మగ్గులు, బకెట్లు పోసే ఫ్యాక్టరీలో. వచ్చిన ప్రతి మగ్గు పిడి మీదా ఒకే చోట గీత పడుతుంటే, ప్యాకింగ్ చేసే ఆడవాళ్ళను తిట్టకూడదు. ముందు అచ్చు విప్పి చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే ఈ సంగతి నేర్పేది నేనే. ఇంట్లో మాత్రం రెండేళ్ళు ప్యాకింగ్ మనిషిని తిట్టాను. ఆటోలో ఇదంతా నాకు తెలిసింది. తెలిసి కూడా, గుమ్మంలోకి వచ్చేసరికి భయం వేసింది. ఆ ఒక్క మాట చెబితే రెండేళ్ళ మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి. అమ్మ ముందు నా అదృష్టం అవిటిదని ఒప్పుకోవాలి. సగంతో ఆపేశాను.

ఆ తర్వాత మా ఆవిడ మిషన్ మీది దుప్పటి తీయలేదు. వీధిలోవాళ్ళు చీరలు పట్టుకొస్తే, "కానుపు అయినంక సూద్దం అక్కా" అని పంపించేసేది. నేను షిఫ్టు దిగి సందు మలుపు తిరిగితే ఏమీ వినపడేది కాదు. ఎదురింటి టీవీలో ఉద్యమం వార్తలు, ఏ రోడ్డు మూశారో, ఏ రోజు బందో. అంతే. రోజూ ఈ రోజు చెప్తాననుకునేవాణ్ణి. రోజూ ఏదో ఒక సాకు దొరికేది.

ఏడో నెలలో సర్కారు దవాఖానాలో చూసి, కడుపులో ఉమ్మనీరు తక్కువగా ఉందనీ నీళ్ళు బాగా తాగాలనీ చెప్పారు. అదే వారంలో మా అమ్మ పంచాంగం చూపించుకుని వచ్చింది. మళ్ళీ సూర్యగ్రహణం. ఈసారి మిట్టమధ్యాహ్నం, చాలాసేపు.

"తెల్లారినుంచి గ్రహణం విడిచేదాకా పచ్చినీళ్ళు ముట్టద్దు. మసలద్దు. సక్కగ పండుకోవాలె," అంది అమ్మ.

"దవాఖాన్ల నీళ్ళు తాగుమన్నరు గద అమ్మా," అన్నాను.

జవాబు అమ్మ చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది. "ఒక్క పిల్లకు జేసింది సాలు. ఈ బిడ్డకు గూడ పండ్లు లేకుంటే దవాఖానోళ్ళు పెడ్తరా?"

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

గ్రహణం రోజు ఫ్యాక్టరీకి సెలవిచ్చారు. ఆ పూట ఎలాగూ ఎవరూ పనికి రారు. మా అమ్మ బియ్యం డబ్బా మీద, పచ్చడి జాడీల మీద, నీళ్ళ చెంబులో, అన్నిట్లో గరిక వేసింది. కిటికీకి దుప్పటి కట్టింది. అది మిషన్ మీద కప్పిన దుప్పటే. మా ఆవిడ చాప మీద వెల్లకిలా, చేతులు పక్కన పెట్టుకుని పడుకుంది. తెల్లవారుజాము నుంచి గొంతులో చుక్క పడలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాలుకతో తడుపుకోబోయి, అదీ తప్పేమోనని మానుకుంది. నేను చూశాను.

"పోరి ఏదిరా?" అంది అమ్మ ఉన్నట్టుండి.

మా అమ్మాయి ఇంట్లో లేదు. గూట్లో ఉండాల్సిన ఎక్స్‌రే కవరు కూడా లేదు.

ఇంటి ఓనరుది పక్కనే డాబా ఇల్లు. మెట్లెక్కి చూస్తే, వీధి పిల్లలంతా అక్కడే ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఎక్స్‌రే ఫిల్ములే. ఒకడి చేతిలో వాళ్ళ తాత ఛాతీ, ఒకడి చేతిలో ఎవరిదో విరిగిన కాలు. అలా చూడకూడదనీ కళ్ళకు మంచిది కాదనీ తర్వాత తెలిసింది గానీ, అప్పట్లో గ్రహణమంటే అందరిళ్ళలో ఎక్స్‌రేలు బయటికి వచ్చేవి. ఎండ పాలిపోయి ఉంది. డాబా మీదికి వంగిన వేపచెట్టు నీడలో, ఆకుల సందుల్లోంచి నేల నిండా నెలవంకలు పడ్డాయి. మా అమ్మాయి తన దవడ ఎక్స్‌రేను సూర్యుడికి ఎదురుగా పట్టుకుని నిలబడింది.

"కిందికి రా. నాయినమ్మ మొత్తుకుంటుంది."

"నాకేమైతది డాడీ? నాకు ఇంక పోయేటియి ఏం లేవుగద." అని ఫిల్ము నాకిచ్చింది. "సూడు. నా పండ్లు లేనికాడికెళ్ళి సూర్యుడు మస్తు కనవడుతుండు."

చూశాను. వరసగా తెల్లటి పళ్ళు. మధ్యలో నల్లటి ఖాళీ. ఆ ఖాళీలో సగం కొరికేసిన సూర్యుడు.

"డాడీ," అంది, పక్కపిల్లలకు వినపడకుండా. "అమ్మ దారం కొరకకపోతే నాకు వస్తుండెనా?"

మెట్ల మీద కూర్చున్నాను. ఇంకో సాకు వెతుక్కునేవాణ్ణేమో. కానీ పిల్ల కళ్ళు నా మీదే ఉన్నాయి. "నీకు రాకపోవుడు నా వల్ల బిడ్డా. మీ అమ్మ ఏం జెయ్యలే. కిందికి పోదాం పా, అందరి ముందట చెప్త," అన్నాను.

చీకటి గదిలోకి వెళ్ళి చాప పక్కన కూర్చున్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరమ్మ చెప్పిన రెండో సగం మొత్తం చెప్పాను. జన్యువులంటే ఏమిటో నాకు వచ్చినట్టు చెప్పాను. అచ్చులో గీత ఉంటే మగ్గు మీద గీత వస్తుందని చెప్పాను. నోరు తెరిచి వేలితో చూపించాను. ఇది సగం, ఇటువైపు అసలే లేదు అని.

మా ఆవిడ కదలకుండానే కప్పు వైపు చూస్తూ అడిగింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆనాడే. ఉప్పల్ పోయిననాడే."

"ఆనాటి సంది నేను మిషిన్ ముట్టలే."

"ఎరుకే."

"ఎరుకే?" అని తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు గురించి ఇంకేమీ రాయలేను.

మా అమ్మ కసురుకుంటుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది. మాట్లాడినప్పుడు గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు.

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు నేను బియ్యం బుక్కుతుంటి. చాటల చెరుగుకుంట చెరుగుకుంట నోట్ల ఏసుకుంటుంటి. ఎంత ఆపుకున్న మనసు ఆగకపోతుండె. నీకు గా చిన్న పన్ను వచ్చినంక మా అత్త చూసి, దొంగతనంగ బియ్యం బుక్కినవ్, పోరనికి బియ్యపుగింజే మొలిసింది అన్నది. ఊరంత చెప్పింది. బాయి కాడికి పోతే ఆడోళ్ళు నవ్విన్రు. నేనే మల్ల అది అదృష్టమని చెప్పుకున్న. చెప్పంగ చెప్పంగ అందరు గట్లనే అన్నరు. నేను గూడ నమ్మిన." ఆగి, మళ్ళీ తనలో తాను అనుకున్నట్టు అంది. "మీ నాయిన నవ్వితే రుమాలు అడ్డం పెట్టుకుంటుండె. మర్యాద అనుకున్న నేను."

నేను మురిసిపోయిన అదృష్టం, మా అమ్మ తన మీద పడ్డ నింద మీద కప్పుకున్న గుడ్డ. నాకది ఆ రోజే తెలిసింది. తన మీద పడిన నిందనే ఆమె కోడలి మీద ఎందుకు వేసిందని అడగాలనిపించింది. ఆ ప్రశ్న ముందు నన్ను నేను అడుక్కోవాలి కాబట్టి ఊరుకున్నాను.

మా అమ్మాయి నా గడ్డం పట్టుకుంది. "డాడీ, నోరు తెరువ్." వేలు పెట్టి చూసి లెక్క తేల్చింది. "నాకు రెండు లేవు. నీకు ఒకటిన్నర లేదు."

మా ఆవిడ ముఖంలో ఏదో కదిలింది. నవ్వని చెప్పలేను. మోచేతి మీద లేచి కూర్చుంది. గ్రహణం ఇంకా విడవలేదు. వీధిలో ఎక్కడా అలికిడి లేదు. "ఆ చెంబు ఇటియ్యి," అంది.

నేను చెంబు అందుకుని అమ్మ వైపు చూశాను. అమ్మ మా ఎవరి వైపూ చూడకుండా అంది. "గరిక తీసి ఇయ్యిరా. గొంతుల వడ్తది."

మా ఆవిడ చెంబెడు నీళ్ళూ ఆపకుండా తాగింది. మా అమ్మాయి వెళ్ళి ఆమె పక్కన చాప మీద చేరింది. కిటికీకి కట్టిన దుప్పటి నేను విప్పాను. పాలిపోయిన ఎండే అయినా, గదిలోకి వచ్చింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు మిషన్ తుడిచి, నూనె వేసి, బెల్టు సరిచేసి పెట్టాను. మా ఆవిడ దాని మీద కూర్చోలేదు. నాతో అవసరమైనంత వరకే మాట్లాడేది. ఒకరోజు బియ్యం ఏరుతూ అంది. "నాలుగు గోడల మధ్యల చెప్తివి. నన్ను అన్న మాట మా అమ్మ ఊరిదాక పాయె."

ఆమె అన్నది నిజం. కానుపుకు పుట్టింటికి వెళ్ళింది. మగపిల్లవాడు పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం. తొట్టెల రోజు నేను ఉప్పల్‌లో జనగామ బస్సెక్కాను. చేతిలో పిల్లవాడి బట్టలతో పాటు ఎక్స్‌రే కవరు కూడా ఉంది. ఇంటి నిండా ఆడవాళ్ళు. తొట్టెలకు పూలు కడుతున్నారు. ఎలా మొదలుపెట్టాలో బస్సులో అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను. మా అత్తగారి ముందు నిలబడి, "అత్తా, పిల్లకు పండ్లు రాకపోవుడు మీ బిడ్డ తప్పు గాదు. మా ఇంటి నుంచి వచ్చింది. నా నుంచి వచ్చింది. తెలిసి గూడ నేను చెప్పలే," అన్నాను. ఎక్స్‌రే తీసి చూపించాను. అది చాలదనిపించి నోరు తెరిచాను.

గదిలో అందరూ నా నోట్లోకి చూశారు. మా అత్తగారు దగ్గరకొచ్చి మరీ చూసింది.

"ఎడ్లను కొన్నప్పుడు పండ్లు జూస్తం గని బిడ్డా, అల్లుణ్ణి తెచ్చుకునేటప్పుడు నోరు దెరిపించి సూస్తమా? సూడాల్సింది ఉండె."

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. పైట చెంగు కళ్ళకు అద్దుకుంది. "నా బిడ్డ రెండేండ్లు మొయ్యనే మోసింది. ఇప్పుడన్న చెప్పినవ్. కూసో, బువ్వ తిందువు." ఆ పూట అన్నం మా ఆవిడే వడ్డించింది.

తిరిగి వచ్చాక మల్లాపూర్ చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. ఉప్పల్ డిపో వెనక ఉండే మేనత్త ఇంటికీ వెళ్ళాను. దారం మాట ఎక్కడెక్కడికి పోయిందో గుర్తున్నంత వరకూ వెళ్ళి అదే చెప్పాను, అలాగే నోరు తెరిచాను. కొందరు నమ్మారు. కొందరు, "పెండ్లాన్ని వెనకేసుకొస్తుండు" అన్నారు. మేనత్త మాత్రం నా మాట పూర్తి కాకముందే లోపలికి వెళ్ళి అద్దం తెచ్చుకుని తన నోరు చూసుకోవడం మొదలుపెట్టింది.

రాష్ట్రం వచ్చిన వేసవికి మా వాడికి నాలుగేళ్ళు. పాలపళ్ళన్నీ ఉన్నాయి. అసలు పళ్ళ సంగతి ఇంకా తెలియదు. మా అమ్మాయి ఇంటర్‌లో చేరబోతోంది. పళ్ళు కట్టించుకుంటావా అంటే, ఇంకా ఆలోచిస్తున్నా అంటుంది. ఫోటోల్లో మాత్రం నోరు మూసుకోదు. మా అమ్మ ఇప్పుడు ఎవరైనా అడిగితే, "మా వంశంల ఉన్నది" అని కొంచెం గొప్పగానే చెబుతుంది. ఆమెతో ఎవరూ వాదించరు.

మిషన్ మళ్ళీ ఎప్పుడు మొదలైందో చెప్పలేదు కదా. పిల్లవాడికి మూడో నెలలో మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. ఒక సాయంత్రం నేను సందు మలుపు తిరిగేసరికి ఆ చప్పుడు. పరుగెత్తలేదు గానీ, నడక దానంతటదే పెరిగింది. వాడికి పాత చీరతో చిన్న అంగీ కుడుతోంది. చివరి కుట్టు వేసి, కత్తెర కోసం తడిమింది. దొరకలేదు. దారాన్ని అలవాటుగా నోటిదాకా తీసుకెళ్ళి ఆగింది. నేను గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాను.

అంగీని దారంతో సహా నా వైపు చాచింది. "ఇగో, నువ్వు కొరుకు. నీ అదృష్టపు పన్నే గద."

చెప్పులు విడిచి, వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. దారాన్ని బియ్యపు పన్ను కిందికి తెచ్చుకుని కొరికాను. ఒకేసారికి తెగలేదు. మళ్ళీ కొరికాను. అప్పటినుంచి నేను ఇంట్లో ఉన్నంతసేపూ దారాలు కొరికే పని నాదే.